ఫొటోలో నాలుగో మనిషి

పాతబస్తీలో ఇస్సాకుకు నూరు కుటుంబాలు ఉండేవి. నూరుగురు భార్యలు, ఒక్కొక్కరికి ఒక్కొక్క బిడ్డ, కార్వాన్ నుంచి దబీర్‌పురా దాకా. వాళ్ళలో హిందువులున్నారు, ముసల్మానులున్నారు, కిరస్తానీలున్నారు. ఇన్ని కుటుంబాలున్న మనిషి మాత్రం రైలు పట్టాల పక్క గదిలో ఒక్కడే వండుకొని, ఒక్కడే తిని, ఆ ఒక్క పళ్ళెం కడుక్కొని బోర్లించేవాడు.

నూరు అన్నది కొంచెం సాగిన మాటే. డెబ్బై అనుకున్నా నష్టం లేదు. భార్యలు అన్న మాట కూడా వెనక్కి తీసుకోవలసిందే. ఇస్సాకు చెవిన పడితే చెప్పు తీస్తాడు, పైగా చర్చిలో పాస్టరు గారికి సంజాయిషీ ఇచ్చుకోవాలి. కానీ ఆ కుటుంబాల పక్కన నిలబడి, వాళ్ళలో ఒకడిలా, ఇస్సాకు ఫొటోలు దిగాడన్నది మాత్రం నిజం. అది ఎవరు అడిగినా వెనక్కి తీసుకునేది లేదు.

దబీర్‌పురా దర్వాజాకు కొంచెం ఇవతల ఒక నవాబు గారి పాత దేవిడీ ఉండేది. వారసులు కొట్లాడుకొని కొట్లాడుకొని అలసిపోయాక, అందులోని సామాను అందులోనే ఉంచి మ్యూజియం చేశారు. జనం అజాయబ్‌ఘర్ అనేవారు. హుక్కాలు, కత్తులు, బిద్రీ పాన్‌దాన్లు, ఏనుగు దంతపు చదరంగం, ఒక్కొక్కటి ఒక్కో గదిలో. చివరి గదిలో ఒక పులి. చచ్చిన పులి, తోలులో గడ్డి కూరి నిలబెట్టింది. ఆ గదికి ఇస్సాకు చప్రాసీ. ఖాకీ కోటు, ఇత్తడి గుండీలు, ఎర్ర తలపాగా, నూనె పెట్టి మెలేసిన మీసం.

పులిని ఎవరూ ఎత్తుకుపోరు. కానీ దాని మీసం వెంట్రుక ఒకటి తాయెత్తులో పెట్టి కడితే పిల్లలు దడుసుకోరని తల్లులకు గట్టి నమ్మకం. ఇస్సాకు అటు తిరిగితే ఇటు ఒక వెంట్రుక పోయేది. కొన్నేళ్ళకు పులి మూతి నున్నగా అయిపోయింది. పైవాళ్ళు చూస్తే ఉద్యోగం పోతుందని ఇస్సాకు ఇంటి నుంచి చీపురు తెచ్చి, ఈనెలు విరిచి, మసి పూసి గుచ్చాడు. అవీ పోయేవి. మళ్ళీ గుచ్చేవాడు. ఆ కాలంలో పాతబస్తీ పిల్లలు దేనికీ భయపడేవాళ్ళు కాదంటే అది ఇస్సాకు ఇంటి చీపురు మహిమే.

మ్యూజియానికి సెలవు శుక్రవారం. ఆదివారం మాత్రం తిరునాళ్ళు. టిఫిన్ డబ్బాలు, చాపలు, చంటిపిల్లలతో ఇంటిల్లిపాదీ రిక్షాల్లో దిగేవాళ్ళు. పైగదుల్లో వింతలు చూసి, తోటలో పులిహోరో ఖిమా రొట్టెనో తిని, చెట్ల కింద ఒక కునుకు తీసి పోయేవాళ్ళు. కాబట్టి తనవాళ్ళంతా చర్చిలో పాటలు పాడే వేళకు ఇస్సాకు పులి పక్కన నిలబడి ఉండేవాడు. అతనికి తీరిక దొరికే శుక్రవారం నాడు చర్చికి తాళం. ఏళ్ళు గడిచేకొద్దీ చర్చిలో అతని పేరు తెలిసినవాళ్ళు తగ్గిపోయారు. క్రిస్మస్ నాడు వెళితే కొత్తగా వచ్చారా అని అడిగేవారు.

భార్య మాణిక్యమ్మ ఉన్నంతకాలం ఆ లోటు తెలియలేదు. పిల్లలు లేరు. ఒకసారి, గేటు కమాను కింద మూడు కాళ్ళ డబ్బా కెమెరా పెట్టుకొని కూర్చునే వహీద్ ఇద్దరినీ పిలిచి, ఒక ఫొటో తీస్తాను రమ్మన్నాడు. మాణిక్యమ్మ సిగ్గుపడింది. ఇద్దరమే దిగితే ఏం అందం, ఒక బిడ్డ పుట్టాక దిగుదాం అంది. మళ్ళీ తనే, ముగ్గురు దిగొద్దంటారు కదా, ఇంకో బిడ్డ కూడా పుట్టి నలుగురమయ్యాక దిగుదాం అంది. ఆ బిడ్డా పుట్టలేదు, ఈ బిడ్డా పుట్టలేదు. కామెర్లొచ్చి ఆమె పోయింది. చూసుకోవడానికి ఇస్సాకు దగ్గర ఒక్క ఫొటో లేదు. మొదట ఆమె గొంతు మరుపున పడింది. తరువాత ముక్కు ఎట్లా ఉండేదో గుర్తుకు రావడం మానేసింది.

ముగ్గురు కలిసి ఫొటో దిగితే నడిమి మనిషికి కీడని పాతబస్తీ అంతటా ఒకటే నమ్మకం. ఈ ఒక్క విషయంలో ఏ మతానికీ తేడా లేదు. నడిమిలో ఉండేది ఎప్పుడూ బిడ్డే కాబట్టి ఏ తల్లీ ఒప్పుకునేది కాదు. మొగుడు, పెళ్ళాం, చంకలో ఒక బిడ్డ ఉన్న ప్రతి బేరమూ వహీద్ చేతిదాకా వచ్చి జారిపోయేది. నాలుగో ప్రాణం కోసం అతను పక్క హోటలు మేకను తెచ్చి నిలబెట్టి చూశాడు. మేక కదిలేది. ఫొటోలో దానికి రెండు తలలు వచ్చేవి.

మాణిక్యమ్మ పోయిన మరుసటి ఏడు, ఒక ఆదివారం, వహీద్ పులి గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఇస్సాకు భాయ్, జర బయటికి రా. ముగ్గురే ఉన్నరు."

ఇలాంటివి నేను నమ్మను అన్నాడు ఇస్సాకు. నమ్మమని ఎవరన్నారు, నిలబడమన్నాను అన్నాడు వహీద్.

ఇస్సాకు వెళ్ళి నిలబడ్డాడు. కార్వాన్ నుంచి వచ్చిన కొత్త జంట, చంటిది. కోటు బిడ్డకు గీసుకోకుండా కొంచెం పక్కకు జరగమంది ఆ తల్లి. జరిగాడు. వహీద్ నల్లగుడ్డలో తల పెట్టి, కదలొద్దన్నాడు. ఆ కాసేపూ ఇస్సాకు ఊపిరి తీయలేదు. ఎన్నో నెలల తరువాత ఎవరి భుజమో తన భుజానికి అంత దగ్గరగా ఉంది. ఆవనూనె వాసన, పాల వాసన. అంతలో అయిపోయింది. ఫొటో బకెట్టు నీళ్ళలో తేలేసరికి ఆలస్యమవుతుంది, అప్పటిదాకా పులిని వదిలి ఉండడం కుదరదు కాబట్టి ఇస్సాకు తిరిగి లోపలికి పోయాడు. ఆ ఫొటో ఎట్లా వచ్చిందో చూడనేలేదు.

తరువాత అదే అలవాటయింది. ఆదివారం వస్తే తెల్లారకముందే లేచి గుండీలు చింతపండుతో తోమేవాడు. మీసానికి రెండోసారి నూనె పెట్టేవాడు. వహీద్ కమాను కింద నుంచి చెయ్యెత్తితే చాలు, వచ్చి కొసకు నిలబడేవాడు. బుర్ఖా తల్లుల పక్కన కొంచెం ఎడంగా, ముసలమ్మల పక్కన కొంచెం వంగి, ఏ కుటుంబానికి తగ్గట్టు ఆ కుటుంబంలో ఒదిగేవాడు. పెళ్ళికొడుకుల కంటే ఇతనే నయమని వహీద్ అందరితో చెప్పేవాడు.

శుక్రవారం సెలవు నాడు ఇస్సాకు నడిచేవాడు. పని ఉండి కాదు. కార్వాన్ గల్లీల్లో, గౌలిపురలో, యాకుత్‌పురాలో, తెరిచిన తలుపుల ముందు నుంచి మెల్లగా నడిచేవాడు. ఈ ఇళ్ళలో ఏదో ఒక గోడ మీద తను ఉన్నాడు. లోపల బువ్వ తింటున్నారు, తను చూస్తున్నాడు. పిల్లలు కొట్లాడుకుంటున్నారు, తను చూస్తున్నాడు. ఈ ఇంట్లోనా, ఆ ఇంట్లోనా తెలియదు. తెలియకపోయినా బాగానే ఉండేది. ఇంటికొచ్చి అన్నం పొయ్యి మీద పెట్టి, మాణిక్యమ్మకు చెబుతున్నట్టుగా, ఈ వారం ఇంకో ఇంట్లోకి పోయిన అని పైకే అనేవాడు.

ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం వాన దంచికొట్టింది. జనం లేరు. వహీద్ కెమెరాను కాపాడుకుంటూ, నా పెట్టెలో మైనం గుడ్డ ఉంది తీయమని ఇస్సాకుకు కేకేశాడు. ఇస్సాకు పెట్టె తెరిచాడు. మైనం గుడ్డ కింద ఒక బిస్కెట్ల డబ్బా. మూత సగం ఊడి ఉంది. లోపల సన్నటి కాగితం ముక్కలు, వేలెడు వెడల్పువి, నిలువునా కత్తిరించినవి.

ఒకటి తీసి చూశాడు. ఎర్ర తలపాగా నలుపులో వచ్చింది. మీసం, గుండీలు. ఇంకొకటి తీశాడు. మళ్ళీ తనే. మరొక ముక్కలో సగం ముఖమే ఉంది. ఒకదాంట్లో ఎవరిదో కొంగు అంచు భుజానికి అంటుకొని వచ్చింది. డబ్బా నిండా ఇస్సాకులే. ఒక్కడి పక్కనా ఎవరూ లేరు.

వహీద్ వచ్చి చూసి, తడిసిన టోపీ తీసి చేతిలో పిండుకుంటూ నిలబడ్డాడు.

"ఎవలు కొయ్యమన్నరు?" అన్నాడు ఇస్సాకు.

"అందరు." వహీద్ అతని వైపు చూడలేదు. "నేనేం చెయ్యాలె భాయ్. ఫొటో దిగేదాంక నువ్వు గావాలె. చేతికొచ్చినంక, గీ చప్రాసీ ఎందుకు మా నడుమ, కత్తెర వెయ్యి అంటరు."

"మరి పారెయ్యకపోయినవ్?"

"మనిషి మొఖం మోరీల ఎట్ల పారేస్తం?"

ఇస్సాకు ముక్కలన్నీ డబ్బాలో పెట్టి, మూత గట్టిగా నొక్కి, మైనం గుడ్డ తెచ్చి ఇచ్చాడు. మరుసటి ఆదివారం వహీద్ చెయ్యెత్తితే చూడనట్టు పులి వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ పై ఆదివారమూ అంతే. శుక్రవారాలు నడవడం మానేశాడు. ఏ గోడ మీదా తను లేడని తెలిశాక ఆ గల్లీల్లో పనేముంది. గదిలో కూర్చొని, రైళ్ళు పోతుంటే గిన్నెలు అదిరే చప్పుడు వినేవాడు.

ఒక రోజు వహీద్ రెండు చాయ్‌లు పట్టుకొని పులి గదికి వచ్చాడు. ఇస్సాకు తీసుకోలేదు. వహీద్ రెండూ తనే తాగి, మెల్లగా అసలు సంగతి చెప్పాడు. అన్నీ కోశాను గాని ఒక్కటి కోయలేదు, గౌలిపుర పాలవాళ్ళది అన్నాడు.

ఇస్సాకుకు గుర్తొచ్చింది. ఐదారేళ్ళ కిందటి మాట. మొగులయ్య, భార్య నీలమ్మ, వాళ్ళ చిన్నపిల్ల సావిత్రి. ఆ పిల్ల పులిని చూసి కెవ్వుమని, తల్లి దగ్గరికి పోకుండా ఇస్సాకు మీదికి ఎగబాకింది. ఫొటో దిగేటప్పుడు కూడా అతని మెడ చుట్టూ వేసిన చెయ్యి తీయలేదు. అతన్ని కొయ్యాలంటే పిల్ల చెయ్యి తెగుతుంది. నా బిడ్డ చేతికి కత్తెర తగిలితే బాగుండదని నీలమ్మ వహీద్‌తో లొల్లి పెట్టుకొని, ఉన్నది ఉన్నట్టు పట్టుకుపోయింది.

వచ్చే శుక్రవారం దాకా ఇస్సాకుకు అదే ధ్యాస. ఆ ఫొటో ఇంకా ఉందా. ఉంటే గోడ మీదా, పెట్టెలోనా. ఊరంతటిలో తను నిండుగా ఉన్న చోటు అదొక్కటే. వెళ్ళి, బిడ్డా నన్ను గుర్తుపట్టినవా అని అడగాలి. వాళ్ళు గుర్తుపడతారు. కూర్చోమంటారు. ఆ మాటే దారిపొడుగునా నోట్లో తిప్పుకుంటూ, ఊరికే పోతే బాగుండదని చేతిలో ఒక పాల క్యాను పట్టుకొని గౌలిపుర వెళ్ళాడు. చాయ్‌లో పాలు పోసుకోవడం మాణిక్యమ్మ పోయిన నాడే మానేసిన మనిషి.

బర్రెల కొట్టం పక్కన చిన్న ఇల్లు. తలపాగా లేని ఇస్సాకు బట్టతలను అంతవరకు పాతబస్తీలో ఎవరూ చూసి ఉండరు. కోటూ లేదు. నీలమ్మ అతన్ని కొత్త బేరం అనుకొని క్యాను అందుకొని లోపలికి పోయింది. అతను గుమ్మం లోంచి చూశాడు.

గోడ మీద ఉంది. అద్దం కట్టించి ఉంది. మొగులయ్య, నీలమ్మ, సావిత్రి, ఆ పిల్ల చెయ్యి, ఆ చేతిలో నిండుగా ఇస్సాకు. ఫొటోకు బంతిపూల దండ వేసి ఉంది. దండ నలుగురికీ కాదు, ఇస్సాకు ఉన్న మూలకే వేలాడదీసి ఉంది. అతని నుదుటి దగ్గర అద్దం మీద కుంకుమ బొట్టు.

నీలమ్మ పాలు పోసుకొని వచ్చింది.

"గా కొసకు నిలబడ్డ పెద్దమనిషి ఎవలు బిడ్డా?"

"మా మామ," అంది నీలమ్మ తడుముకోకుండా. "పోయిండు పాపం. మస్తు మంచోడు."

"ఎట్ల పోయిండు?"

"నిద్రల్నే. ఎవలకు తక్లీఫ్ ఇయ్యలే."

తను అంత సుఖంగా పోయినందుకు ఇస్సాకుకు కొంచెం ఊరట కలిగింది. ఇంతలో ఏడెనిమిదేళ్ళ సావిత్రి కొట్టం లోంచి వచ్చి, తల్లి కొంగు పట్టుకొని, మా తాత పులిని పట్టిండు తెలుసా అంది. నీలమ్మ పిల్ల నెత్తి మీద ఒక్కటి వేసి, ఇస్సాకు వైపు అనుమానంగా చూసింది.

"ఎందుకడిగినవ్? మా మామ నీకు ఎరుకనా?"

దారిపొడుగునా నోట్లో తిప్పుకున్న మాట నాలుక చివర ఉంది. ఇస్సాకు పిల్లను చూశాడు, గోడను చూశాడు, దండను చూశాడు.

"లేదు బిడ్డా. నాకు ఎరుక లేదు," అన్నాడు.

నీలమ్మ అబద్ధం ఎట్లా పుట్టిందో వహీదే తరువాత కూపీ లాగాడు. మొగులయ్య ఫొటో అద్దం మార్పించుకోవడానికి తన దగ్గరికి వచ్చినప్పుడు నోరు జారాడు. ఈ ముసలాయన ఎవరని ఇరుగుపొరుగు అడిగిన ప్రతిసారీ అజాయబ్‌ఘర్ చప్రాసీ అని చెప్పడానికి నీలమ్మకు నామోషీ. మామ అనేసింది. మొగులయ్య పాకే వయసులో ఉండగానే అతని తండ్రి పోయాడు, ఆయనకు ఫొటో లేదు, ముఖం చెప్పగలవాళ్ళు లేరు. మామ ఏడీ అంటే పోయాడంది. పోయినవాడికి బొట్టు పెట్టకపోతే ఎట్లా అంది పక్కింటామె. బొట్టు పెట్టింది. దండ వేసింది. రెండేళ్ళు తిరిగేసరికి ఆమెకే అది అబద్ధమని గుర్తులేదు. మొగులయ్య కూడా అడ్డు చెప్పలేదు. తండ్రి ముఖం తెలియని వాడికి ఏదో ఒక ముఖం దొరికింది.

వహీద్‌కు ఇది అన్యాయంగా తోచింది. పోయి నేను బతికే ఉన్నానని చెప్పు భాయ్, వాళ్ళు సంతోషిస్తారు అని వెంటపడ్డాడు.

"చెప్తే ఏమైతది?" అన్నాడు ఇస్సాకు. "సిగ్గుపడి దించేస్తరు. ఊరంతట్ల ఒక్క ఇంట్ల ఉన్న. బతికున్నోణ్ణి ఎవరన్న గోడకు పెట్టుకుంటరా?"

ఆ రాత్రే మీసం తీసేశాడు. పొద్దున పులి గదిలో మీసాలున్నది పులికి ఒక్కదానికే, అవీ చీపురువి. వహీద్ ఎంత బతిమాలినా మళ్ళీ ఎవరి పక్కనా నిలబడలేదు. చచ్చినవాడు ఫొటోలో కనబడితే గౌలిపురలో ఎవరో ఒకరి కంట పడకపోదని అతని భయం. వహీద్ మళ్ళీ మేక దగ్గరికే పోయాడు.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం ఇస్సాకు గౌలిపుర వెళ్ళి పాలు తెచ్చేవాడు. గుమ్మంలో నిలబడి, పాలు పోసేంతసేపు గోడ చూసేవాడు. పాలు దబీర్‌పురా స్టేషను పిల్లులు తాగేవి. ఆ చుట్టుపక్కల అంత బలిసిన పిల్లులు ఇంకెక్కడా ఉండేవి కాదు.

ఒక ఏడు పెత్రామాస శుక్రవారం పడింది. పోయిన పెద్దలకు ఇంటింటా బువ్వ పెట్టే అమావాస్య. ఇస్సాకు క్యానుతో వెళ్ళేసరికి ఫొటో ముందు ఇస్తారి వేసి ఉంది. అన్నం, పప్పు, గారెలు, బెల్లం పాయసం, ఒక బీడీ కట్ట. మొగులయ్య ఇంట్లోనే ఉన్నాడు. అతను ఫొటో వైపు చూశాడు. గుమ్మంలో ఉన్న బట్టతల మనిషి వైపు చూశాడు. మళ్ళీ ఫొటో వైపు చూశాడు. ఇస్సాకు క్యాను వదిలేసి పోదామనుకున్నాడు.

"నీలా, ఇంకో ఇస్తారి వెయ్," అన్నాడు మొగులయ్య. "పండుగ పూట ఉత్తగ పోవద్దు. కూసో బాపూ."

ఇస్సాకు కూర్చున్నాడు. తన పేరున పెట్టిన బువ్వ పక్కనే కూర్చొని తను తిన్నాడు. నీలమ్మ అడగకుండానే రెండో గారె వేసింది. చాలు అనడానికి నోరు రాలేదు. అతని డెబ్బై కుటుంబాల్లో అతను అన్నం తిన్న ఇల్లు అదొక్కటే. తిన్నాక మొగులయ్య ఫొటో ముందున్న కట్టలోంచి ఒక బీడీ తీసి, మా నాయినకు ఇష్టమంటరు, నువ్వూ ఒకటి తాగు అని చేతిలో పెట్టాడు. పుట్టి బుద్ధెరిగి బీడీ ముట్టని కిరస్తానీ ఇస్సాకు దాన్ని ముట్టించాడు. దగ్గు ఆగలేదు. సావిత్రి నీళ్ళు తెచ్చి ఇచ్చి, పోయేదాకా అతని పక్కనే నిలబడింది.

ఇస్సాకు రిటైరై కొన్నేళ్ళయింది. పులికి చెదలు పట్టిందని తీసేశారు. ఇప్పుడు పొద్దున పూట దబీర్‌పురా స్టేషను బెంచీ మీద కనబడతాడు. మొన్న శుక్రవారం ఈ కథ మొత్తం అతనికి చదివి వినిపించడం జరిగింది. చివరిదాకా వంక పెట్టకుండా విన్నాడు. పిల్లులు చుట్టూ చేరాయి. క్యాను తీసుకొని లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"అంత అబద్ధం," అన్నాడు. "పులి మీసాలు అసలయినవే. గౌలిపుర ఎటుంటదో నాకు తెల్వదు. నేను ఎన్నడు ఫొటో దిగలే."